కౌలాలంపూర్‌లో కోళ్ళు కూయవు

ఎయిర్‌పోర్టుకి బయల్దేరబోతూ చూసుకుంటే జగ్గమ్మ పాస్‌పోర్టు లేదు!

టైము పొద్దున్న తొమ్మిదిన్నర. విమానం ఒంటిగంటన్నరకి. హోటల్ కింద టాక్సీ వచ్చి నిలబడి ఉంది. భాస్కర్ తన గదిలోంచి అమ్మానాన్నల గదిలోకి పరిగెత్తుకొచ్చి మూడు బ్యాగులూ మంచం మీద బోర్లించేశాడు. చీరలు, చాక్లెట్లు, వాడలో అందరికీ పంచడానికి కొన్న కీచైన్లు, సగం తిన్న జంతికల డబ్బా. పాస్‌పోర్టు మాత్రం లేదు.

"రేత్రి నా సేత్తోనే నల్ల బేగులో పెట్టేన్రా," అంది జగ్గమ్మ. "రెక్కలొచ్చి ఎగిరిపోనాదేటి?"

భాస్కర్ మంచం కింద కూడా వెతికాడు. పాస్‌పోర్టు లేకపోతే అమ్మని విమానం ఎక్కనివ్వరు. అమ్మని ఈ పరాయి దేశంలో వదిలి తను వెళ్ళలేడు. రేపు గజపతినగరంలో బడి తెరుస్తారు. చేరి ఏడాది కాని తనలాంటి మేష్టారు మొదటిరోజే రాకపోతే హెడ్మాస్టరు ఊరుకునే రకం కాదు.

రాత్రి ఉంది. పొద్దున్న లేదు. అంటే ఈ మధ్యలో ఎవరో గదిలోకి వచ్చారు!

"నాన్నా, పొద్దున్న ఎవరైనా వచ్చారా?"

"ఎవుల్ని రానిచ్చేనురా నాను?" అన్నాడు అసిరయ్య, కిటికీ పక్క కుర్చీలోంచి కదలకుండా.

అదీ నిజమే. ఆ సంగతి హోటల్ మొత్తానికి తెలుసు. గది తుడిచే అమ్మాయి మొదటిరోజు ఏడింటికి తలుపు తడితే, కోళ్ళని అదిలించినట్టు చేతులూపి లిఫ్టు దాకా తరిమాడు. కోడలు రాణి వెళ్ళినా అంతే. తలుపు వారగా తీసి, తల ఒక్కటే బయటపెట్టి, "తొమ్మిదైతే గానీ రాం. పో అమ్మా," అనేవాడు. నాలుగు రోజులూ కిటికీకి ఆ మందపాటి తెర తియ్యనివ్వలేదు. కొడుకు వాళ్ళ ఫోన్లో అలారం పెడితే లాక్కుని తీసేశాడు.

"పొద్దున్నే నా మోకాలు వొంగదురా. ఎండెక్కాల," అని ఒకటే పాట.

ఆ మోకాలి పుణ్యమా అని గుహల్లో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి మిట్టమధ్యాహ్నం వెళ్ళారు. రెండువందల డెబ్భై రెండు మెట్లు. రాణి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అసిరయ్య మాత్రం అందరికంటే ముందు ఎక్కేసి పైనుంచి కేకలేశాడు.

"మోకాలు నొప్పన్నారు కదా మావయ్యా?" అంది రాణి.

"పొద్దున్నేనమ్మా నొప్పి," అన్నాడాయన.

జగ్గమ్మకి మాత్రం ఊరు తెగ నచ్చేసింది. "ఈ ఊర్లో కోళ్ళు కూయవేటే రాణీ? తెల్లారినట్టే తెలీదు," అని నవ్వేది. బజార్లో ఓ చైనావాడు క్యాలిక్యులేటర్ మీద బ్యాగు ధర నొక్కి చూపిస్తే, ఆవిడ అందులో సగం నొక్కి వాడి చేతికే ఇచ్చేసింది. తీరంలో చేపలు వేలం పాడుకుని నెల్లిమర్లలో అమ్ముకొచ్చే మనిషితోనా బేరం? నాలుగడుగులు వేసేసరికి వాడే వెనకాల పరిగెత్తుకొచ్చాడు.

"కింద కెమెరాలున్నాయట, అడిగొస్తాం," అంటూ అప్పుడే గదిలోకి వచ్చిన రాణి అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళింది. జగ్గమ్మ గుమ్మం దగ్గర ఆగి, "ఒరే, ఆ బాత్రూములో నీళ్ళు కూడా సరిగ్గా రావట్లేదు. అదీ సెప్పొస్తాను," అంది.

భాస్కర్ తలపట్టుకున్నాడు. బయటివాళ్ళు రాలేదు. గదిలో ఉన్నది ఇద్దరు. అమ్మ తియ్యదు. నాన్నకి తియ్యాల్సిన అవసరం లేదు. వేసవిలో చేపల వేట నిషేధం, పడవ ఒడ్డునుంది కాబట్టే ఆయన ఈ ప్రయాణానికి ఒప్పుకున్నాడు. నిషేధం ఎల్లుండితో అయిపోతుంది. "తొలి వేటకి నా పడవ లేకపోతే ఎలగరా? బేగి ఇంటికి పోదాం," అని దిగిన రోజు నుంచీ గొణుగుతున్నది ఆయనే.

నీళ్ళు రావట్లేదంటే?

భాస్కర్ చటుక్కున లేచి బాత్రూములోకి వెళ్ళాడు. ఫ్లష్ నొక్కాడు. నీళ్ళు సన్నగా కారి ఆగిపోయాయి. ట్యాంకు మూత ఎత్తాడు.

లోపల నైలాన్ తాడుకి వేలాడుతోంది, ప్లాస్టిక్ సంచీ చుట్టిన పొట్లం. చుక్క నీరు దూరకుండా మూడు చుట్లు. పైన ముడి. విప్పబోతే ఇంకా బిగిసింది. చిన్నప్పుడు ఆ ముడి నేర్చుకోలేక ఎన్ని మొట్టికాయలు తిన్నాడో! వలలు అల్లే చేతులకి తప్ప అది రాదు. ఈ హోటల్లో అలాంటి చేతులు రెండే ఉన్నాయి.

పొట్లం తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టాడు. నీళ్ళు పంచె మీద కారాయి.

"ఏటి నాన్నా ఇది?"

అసిరయ్య పొట్లం కేసి చూశాడు. తలుపు కేసి చూశాడు. జగ్గమ్మ ఇంకా రాలేదు.

"అరవకురా. ఇమానం ఎల్లిపోనాక సాయంత్రం నానే తీసిద్దును."

"ఎందుకు? ఇంటికి పోదాం పోదాం అని చంపేసింది నువ్వే కదా!"

అసిరయ్య ఒక్క లాగులో ముడి విప్పేశాడు. పాస్‌పోర్టు తడవలేదు. తెరిచి, అందులో భార్య ఫొటో మీద బొటనవేలు పెట్టి, సిగ్గుపడుతూ గొంతు తగ్గించాడు.

"ముప్పయ్యారేళ్ళ కాపరంలో, వేటున్నా లేకపోయినా మూడింటికే లెగిసిపోయే మీయమ్మ, తెల్లారేక కూడా నిద్దరోడం నాను ఈ నాలుగు పొద్దులే సూసేన్రా... ఇంకొక్క పొద్దు సూద్దారనిపించినాది."