బయటి చలి

"చేతనైతే చెయ్యి. కాదంటే చెప్పు, ఇంకో షెడ్డు చూసుకుంటాను," అన్నాడు మాజీ మొగుడు, కారవాన్ తాళాలు బల్ల మీద పడేస్తూ.

ఆ షెడ్డు ఆమెది. కారవాన్లు, అంటే లోపలే వండుకుని పడుకునే ఇంటిలాంటి బళ్ళు, బాగుచేయడం ఆమె పని. వచ్చేవాళ్ళంతా మెకానిక్కమ్మ అంటారు. తాళాల వంక చూసింది, తర్వాత అతని వంక. పన్నెండేళ్ళ కాపురాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఒక్క చీటీతో ముగించిన మనిషి. రెండేళ్ళు తిరక్కుండా కొత్త పెళ్ళాంతో, కొత్త బండితో దిగాడు. ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు తన గుమ్మంలోకే.

"ఏమైంది సార్ బండికి?"

ఆ 'సార్'కి అతని మొహం మాడింది. "బయట ఎంత చలి ఉందో తెర మీద చూపించట్లేదు. అంకెలకు బదులు రెండు గీతలు వస్తున్నాయి. రేపు పొద్దున్నే కొండ మీదికి ప్రయాణం, మూడు రోజులు. పైన మంచు పడుతోందట."

"బయటి సెన్సరు పోయుంటుంది. గంట పడుతుంది."

"చిన్న వైరు ముక్కకి గంటా? నీ చేతికి ఇంకా వేగం రాలేదన్నమాట. గ్రీజు కంపు మాత్రం అలాగే ఉంది." కొత్త పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్విక్కడే కూర్చో. పని సరిగ్గా చేస్తోందో లేదో కాస్త కనిపెట్టుకుని ఉండు." రోడ్డు దాటి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టులోకి వెళ్ళిపోయాడు.

మెకానిక్కమ్మకి ఒళ్ళు భగ్గుమంది. బండి కిందికి దూరింది. చిటికెన వేలంత సెన్సరు, దాని వైరు ఎలుక కొరికేసింది. కొత్తదానికి వైరు కలపడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. దాన్ని నీడపట్టున, ఇంజను వేడి తగలని చోట బిగించబోయి ఆగింది.

ఆ సెన్సరు మాటే లోపలి వేడిని చూసుకునే థర్మోస్టాట్‌కి వేదవాక్కు. బయట ఓ మోస్తరు చలి అని అది చెబితే ఏసీయే వెచ్చటి గాలి ఊదుతుంది. చలి ముదిరితే ఆ గాలి చాలదు, గ్యాస్ హీటరు వెలగాలి. చలి ముదిరిందని సెన్సరు చెప్పకపోతే హీటరు వెలగదు.

బండి పక్క గోడకి, ఫ్రిజ్ వెనకాల వేడి బయటికి పోయే జాలీ ఉంది. దాని వెనక ఎప్పుడూ ఎండాకాలమే. మెకానిక్కమ్మ వైరు అక్కడిదాకా లాగింది. జాలీ విప్పి, సెన్సరుని లోపల పెట్టి మర బిగించింది. కొండ మీద మంచు కురుస్తున్నా తెర మీద హాయిగా ఇరవై డిగ్రీలు చూపిస్తుంది. 'ఊదుకో నాయనా! పళ్ళు టకటకలాడించుకుంటూ ఆ ఇరవై చూసుకో!' అనుకుంది కసిగా. కడుపు చల్లబడింది.

"అక్కా, మంచినీళ్ళున్నాయా?"

ఉలిక్కిపడింది. కొత్త పెళ్ళాం స్టూలు మీద ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ ఎండలో కూడా చెవులకి స్కార్ఫు చుట్టుకుంది.

"చలికి తట్టుకోలేవా?" అడిగింది నీళ్ళు అందిస్తూ.

"అస్సలు పడదక్కా. ఫ్యాను వేసినా తుమ్ములే." రెండు గుక్కలు తాగింది. "మీరే ఆయన్ని వదిలేసి వెళ్ళిపోయారట కదా?"

"అలా చెప్పాడా?" మెకానిక్కమ్మ నవ్వింది. "ఫ్రిజ్ మీద చీటీ పెట్టి పోయాడు. 'నా కోసం వెతకొద్దు. కూర పారబోశాను, ఉప్పెక్కువైంది' అని."

ఆ పిల్ల నవ్వలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాఫీ కొట్టు వైపు చూసింది. పాతికేళ్ళు కూడా లేనట్టుంది. మెకానిక్కమ్మ జాలీ వంక చూసింది. వాడి మీద కసితో దీన్ని కూడా మంచులో పడుకోబెడతానా? నా ఉసురు వాడికి తగలాలి గానీ ఈ పిల్లకెందుకు? స్క్రూడ్రైవరు తీసుకుని మళ్ళీ జాలీ దగ్గరికి నడిచింది. ఆ పిల్ల వెనకే వచ్చింది.

"పాతది బండి కింద ఉంది కదక్కా? కొత్తది ఇక్కడ పెట్టారేం?"

"పొరపాటు. తీసేస్తున్నా."

"ఉంచితే ఏమవుతుంది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది, కానీ ఆ కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయింది. "హీటరు వెలగదమ్మా. లోపలున్నవాళ్ళు చలికి వణుకుతారు. కావాలనే పెట్టాను. తప్పే. నిన్ను చూశాక మనసొప్పలేదు."

"ప్రాణానికేమన్నా ప్రమాదమా?"

"అబ్బే, దుప్పట్లుంటాయిగా. ముక్కులు కారతాయి, నడుములు పట్టేస్తాయి. మూడు రోజులూ ఒకరి మొహం ఒకరు చూసుకోబుద్ధెయ్యదు, అంతే."

"ఇంకా అవలేదా?" రోడ్డవతల నుంచి మాజీ మొగుడు అరిచాడు.

"అయిపోయిందండీ! బాగా చేసింది!" అని గొంతెత్తి బదులిచ్చి, ఆ పిల్ల మెకానిక్కమ్మ చేతిలోని స్క్రూడ్రైవరుని మెల్లగా పట్టుకుంది.

"ఇంకో మర కూడా బిగించక్కా. రేపు ఆయన కొండకి తీసుకెళ్తున్నది నన్ను కాదు."