కలిసి ఉంటే కలదు సున్నం

“రాయైంది! ఓ రాజవ్వా, ఇసుక రాయైంది!”

ఫర్హీన్ కేక పాశమైలారంలోని ఆ చిన్న ల్యాబు దాటి పక్క కంపెనీ గేటు దాకా వినిపించింది. గొట్టంలోంచి తీసిన ఇసుక ముద్దను బల్ల మీద కొట్టి చూసింది. ఠంగుమంది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఠంగు! పట్టలేని సంతోషంతో ల్యాబు ఊడ్చే రాజవ్వను పట్టుకుని గిర్రున తిప్పేసింది.

తిప్పదూ మరి! గోడల పగుళ్లను బ్యాక్టీరియాతో పూడుస్తానని యజమాని సోమేశ్వర్‌కు మాటిచ్చి రెండేళ్లయింది. ఎక్కడినుంచో తెప్పించిన ఒకే ఒక్క మేలుజాతి బ్యాక్టీరియాకు యూరియా, కాల్షియం ఎంత పెట్టి మేపినా ఇసుక ఇసుకలాగే రాలింది. ఈరోజూ రాలితే ల్యాబుకు తాళమే.

పోయిన నెల విసిగిపోయి రాజవ్వ చేతికి ఓ డబ్బా ఇచ్చింది.

“ఒంటిగాడితోని కాలే రాజవ్వా. మందకు మందనే దించుదాం. దినాం యూరియా పడే మట్టి యాడన్న ఉంటే జెర పట్టుకరా.”

రాజవ్వ మర్నాడే తెచ్చింది. మూత తీయగానే గుప్పుమన్న వాసనకు ఫర్హీన్ మురిసిపోయింది. యూరియా దండిగా తిన్న మట్టే! వెంటనే గొట్టంలోని ఇసుకలో కలిపేసింది.

ఇసుక రాయైన కబురు విని సోమేశ్వర్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. రాయిని గోటితో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

“అబ్బ, అసలైన మన నేల వాసన! గింత గట్టిగ ఎట్లయిందమ్మా?”

“రాజవ్వ తెచ్చిన మట్టిల ఊరంత బ్యాక్టీరియా ఉంది సార్! కొన్ని యూరియాను ఇరగ్గొడ్తయి. కొన్ని జిగురు పూస్తయి. ఆ జిగురు మీద సున్నం పేరుకుని ఇసుకను అతికిస్తది. ఒక్కదానితోని అయ్యే పని కాదు.”

“అంటే, కలిసి ఉంటే కలదు సున్నం!”

తన జోకుకు తనే పడీపడీ నవ్వాడు. ఫర్హీన్ కూడా కడుపుబ్బా నవ్వింది. ల్యాబు నిలిచింది, ఇక ఏ జోకుకైనా నవ్వొచ్చు.

ఆనందం తలకెక్కిన సోమేశ్వర్ రాయిని కళ్లకద్దుకున్నాడు. అంతటితో ఆగాడా? చప్పున ముద్దు కూడా పెట్టాడు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, ఆమెకూ సంతోషంతో ఏడుపొస్తోందనుకుంది ఫర్హీన్.

“ఇగ ఈ మట్టి ఇచ్చిన రైతెవరో చెప్పు రాజవ్వా. రేపే పిలిపిద్దాం. నా చేతులతోని శాలువా కప్పుత!”

రాజవ్వ ఒకసారి ఫర్హీన్ వైపు, ఒకసారి సార్ మూతి వైపు చూసింది.

“ఒక్క శాలువా యాడ సరిపోతది సార్, గది ముత్తంగి కాడ లారీ డ్రైవర్లంత దినాం వరుసగ నిలవడి ఒంటికి పోయే గోడ కింది మన్ను!”