ఇంట్లో రెండో అభిప్రాయం

ఇద్దరి వేరువేరు మాటలు కలిపి చెప్పని జవాబును బడివాళ్ళిచ్చే మాట్లాడే పలకలు ఒప్పుకోని రోజులవి.

ట్యాంకరొస్తే నీళ్ళు ముందెవరు పట్టుకోవాలన్నది నాలుగో తరగతి చిన్మయికి పలక ఇచ్చిన లెక్క. వరసలో ముందు నిలబడ్డవాళ్ళేనన్నాడు తండ్రి సూరిబాబు.

"మీ నాన్న మాటే నా మాట," అంది తల్లి నాగలత.

పలక ఎర్రబడింది. "ఒక్క అభిప్రాయమే వచ్చింది. ఇలాగైతే పాప నాలుగో తరగతిలోనే ఉండిపోతుంది," అంది.

ఏడో తరగతితో చదువాగిన నాగలత గబగబా పలక ముందుకొచ్చింది.

"చంకలో పిల్లాణ్ణేసుకుని ఎంతసేపని నిలబడనూ?" అనేసింది.

చిన్మయి ఆలోచించింది. "అయితే వరసలో బిందె నిలబడుద్ది. అమ్మ ఇంట్లో ఉంటది."

పలక పచ్చబడింది.

"ఎప్పట్నుంచే నీకీ అభిప్రాయం?" అన్నాడు సూరిబాబు.

"పిల్లాడు పుట్టినకాణ్ణుంచీ. బడివాళ్ళు ఇవాళేగా అడిగింది," అంది నాగలత.