బస్సు మలుపు

తెర మీద బస్సు మూల తిరిగింది. వెనక చక్రం దుకాణం మెట్ల మీదుగా పోయింది.

ఇందు దాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ తిప్పింది.

మళ్లీ మెట్లే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మూలను వెడల్పు చేసే పని, ఎల్‌బీ నగర్‌లో ఆమె పనిచేసే ఆఫీసుకు వచ్చింది. రోడ్డు వేయకముందే, ఏ బండి ఎంత చోటు తీసుకుని తిరుగుతుందో కంప్యూటర్‌లో నడిపి చూడటం ఇందు ఉద్యోగం.

మూల మీది దుకాణం ఆమె తండ్రి నర్సింహులుది. పోచంపల్లి చీరలు.

బస్సును ఇంకాస్త అవతలినుంచి తిప్పింది. మెట్లు మిగిలాయి. బస్సు ముందు భాగం ఎదుటి ఫుట్‌పాత్ ఎక్కింది.

కోచింగ్ పిల్లలు నిలబడేది అక్కడే.

పెద్ద బస్సు తీసేసి మినీ బస్సు పెట్టింది. దేనికీ తగలకుండా తిరిగింది.

ఆ దారిలో మినీ బస్సులు నడవవు.

"ఆ డ్రాయింగు గౌతమ్‌కి ఇచ్చేస్తాలేమ్మా," అన్నాడు టీమ్ లీడర్ ప్రసన్నకుమార్, వెనక నుంచి చూసి. "నీకెందుకీ బాధ?"

"వద్దు సార్. ఎవరు తిప్పినా బస్సు గట్లనే తిరుగుతది."

మినీ బస్సును చెరిపేసింది.

సాయంత్రం ల్యాప్‌టాప్ తీసుకుని దుకాణానికి వెళ్లింది. గిరాకీ లేదు. నర్సింహులు విప్పిన చీరలు మడతపెడుతున్నాడు.

నోటితో చెప్పలేక, బస్సును తిప్పి చూపించింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు.

"జర అటు దిక్కుకెల్లి తిప్పరాదు బిడ్డా?"

తిప్పింది.

ఆయన తలెత్తి రోడ్డవతలికి చూశాడు. బ్యాగులు తగిలించుకుని పిల్లలు బస్సు కోసం నిలబడి ఉన్నారు.

కళ్లజోడు తీసేశాడు.

"ఎంత పోతది?"

"దుకాణంల ముందటి అర్ర మొత్తం పోతది నాయినా. వెనుకది ఉంటది."

"నువ్వే గీసినవా?"

"నేనే."

ఆయన చేతిలోని చీర మడత పూర్తి చేసి అరలో పెట్టాడు.

అంతలో పాత గిరాకీ ఒకావిడ లోపలికి వచ్చింది. ఇందును చూసి, "ఈ అమ్మాయిని కొత్తగా పనిలో పెట్టుకున్నారా?" అంది.

"నా బిడ్డమ్మా," అన్నాడు నర్సింహులు. "రోడ్లు గీస్తది."