హెడ్మాస్టరు వేసిన తేదీ

"మాస్టారూ, మీరు లోపలికి రాకూడదు," అంది బడి సెక్రటరీ ధరణి, హాలు తలుపుకు అడ్డంగా నిలబడి.

ఎడ్మంటన్ శనివారపు తెలుగుబడిలో పదకొండేళ్ళుగా అక్షరాలు దిద్దిస్తున్న యజ్ఞనారాయణకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఆమె భుజం మీదుగా చూస్తే పిల్లలు అప్పుడే పుస్తకాలు తీసి కూర్చున్నారు. "హాయ్ మాస్టారూ! వై ఆర్ యూ లేట్?" అంటూ సాత్విక చెయ్యి ఊపింది.

"పేపర్ వస్తుందమ్మా. వేలిముద్రలు ఇచ్చొచ్చానుగా. కొన్ని వారాలు పడుతుందన్నారు."

"అయితే వచ్చాకే రండి. పోలీస్ చెక్ రానివాళ్ళు ఎవరైనా సరే గడప తొక్కకూడదు. మీటింగ్ మినిట్స్‌లో రాసింది నేనే. రాయించింది మీరు."

"ఆ రూలు మధుసూదన్ కోసం కదా!"

"ఒక్కడి పేరెందుకు, అందరికీ అని రాయమన్నదీ మీరే."

అవును, తనే అన్నాడు. మధుసూదన్ ముప్పై ఏళ్ళ కిందట ఈ దేశంలోనే ఒకమ్మాయి మీద అత్యాచారం చేసి జైలుకు వెళ్ళొచ్చిన మనిషి. ఉగాదికి వాలంటీర్లు కావాలన్నప్పుడు ఆ సంగతి తనంతట తానే చెప్పి, "పిల్లల దగ్గరికి రాను సార్, వెనకాల వంటగదిలో గిన్నెలు తోముతా," అన్నాడు. శిక్ష అయిపోయిందనీ, ప్రభుత్వమే క్షమించి రికార్డు పక్కన పెట్టిందనీ నసిగాడు. "ప్రభుత్వానికి మనవరాళ్ళు లేరు!" అని యజ్ఞనారాయణ బల్ల గుద్దాడు. సభ సభంతా చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు శకునం చెప్పే బల్లే కుడితిలో పడింది.

"అసలు నేనేం చేశానమ్మా? ఎవడో అలాంటి కేసులో క్షమాభిక్ష పొందినవాడిదీ నాదీ పుట్టినరోజు ఒకటేనట. మగవాడై తేదీ కలిస్తే చాలు, వేలిముద్రలు అడుగుతారట. అసలా తేదీ నాది కానే కాదు! నేను పుట్టింది కార్తీకంలో. బళ్ళో వేసేటప్పుడు మా హెడ్మాస్టరు జులై ఒకటని వేసి పారేశాడు."

"తెలుసు మాస్టారూ. ఏటా కెనడా డే నాడు మీ కేకు తింటున్నాంగా." ధరణి నవ్వలేదు. "కానీ నాకూ ఇద్దరు పిల్లలున్నారు."

ఆ రోజు సభలోనూ ఆమె ఇదే మాట అంది. అప్పుడు ఎంత న్యాయంగా తోచిందో! ఇంతలో ఒక తల్లి వచ్చి, ఆయన్ను చూసి, కూతుర్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని లోపలికి నడిచింది. పోయిన దసరాకి ఆ పిల్లచేత ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టించిన మనిషే.

బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది. బయట మైనస్ ఇరవై రెండు. యజ్ఞనారాయణ పార్కింగ్‌లో అటు పదడుగులు వేశాడు, ఇటు పదడుగులు వేశాడు. చేతులు జేబుల్లో పెట్టాడు, తీశాడు. లోపల పిల్లలు 'ళ'ని 'ల' అని అరుస్తుంటే దిద్దలేక నాలుక పీకింది. ఏడుపొచ్చింది కూడా.

ఓ కారు అద్దం దిగింది. మధుసూదన్. మనవరాల్ని గుమ్మం దాకా దింపి, క్లాసు అయ్యేదాకా ప్రతి శనివారం అక్కడే కూర్చుంటాడు.

"రండి సార్, హీటర్ వేసే ఉంది."

యజ్ఞనారాయణ మొహం తిప్పుకున్నాడు. కానీ చలికి పంతాలు తెలియవు. ఎక్కి కూర్చున్నాడు.

"చూశావా! నన్ను! నీ సంగతి వేరు, నువ్వు చేశావు."

"చేశాను సార్," అన్నాడు మధుసూదన్, స్టీరింగ్ వైపు చూస్తూ.

"నేనేం చేశానయ్యా? ఎవడి పుట్టినరోజో నా పుట్టినరోజుతో కలిసిందట! ఎవడి పాపమో నా నెత్తికి చుట్టుకుంది. ఆ వెధవ కనిపిస్తే గొంతు పిసికేద్దును!"

మధుసూదన్ వైపర్ వేశాడు, ఆపాడు. మళ్ళీ వేశాడు.

"మీది ఏ తేదీ సార్?"

"జులై ఒకటి. యాభై తొమ్మిది. అదీ హెడ్మాస్టరు వేసింది."

మధుసూదన్ చెయ్యి చాపి హీటర్ ఇంకాస్త పెంచాడు.

"మా ఊరి హెడ్మాస్టరూ నాకు అదే వేశాడు సార్."