కుర్చీల దారి

తుఫాను వస్తే చక్రాల కుర్చీలవాళ్ళకు వేరే దారి, ముందు బస్సులు. ఆ నియమం వచ్చిన కొన్నేళ్ళకే రేవు కాలనీలో ప్రతి ఇంటి తలుపు వెనకా, గొడుగు పక్కన, మడిచిన కుర్చీ ఒకటి చేరింది. పోలియో వచ్చిన పైడితల్లికి మాత్రం చిన్ననాటి నుంచీ కుర్చీయే కాళ్ళు.

ఆ మధ్యాహ్నం సైరన్ మోగి ఆమె బయటికొచ్చేసరికి దారంతా కుర్చీలే.

"జరగరా అప్పలకొండా, నాకు నిజంగానే కాళ్ళు లేవురా."

"ఇయేల కాళ్ళెవరికున్నాయేటి పిన్నీ?" అని పక్కింటి అప్పలకొండ తన కుర్చీలోంచే నవ్వాడు.

అంతలో సముద్రం రోడ్డెక్కింది. ఒక్కసారిగా అందరికీ కాళ్ళొచ్చాయి. లేచి పరుగెత్తి బస్సులెక్కేశారు. వాళ్ళు వదిలేసిన కుర్చీల మధ్య పైడితల్లి కుర్చీ ఇరుక్కుపోయింది.

అప్పలకొండ ఒక్కడే వెనక్కి వచ్చాడు. ఆమె మొహం చూడకుండా వీపు మీద ఎక్కించుకుని, మోకాలి లోతు నీళ్ళలో చివరి బస్సు దాకా మోశాడు. లోపల అందరూ కూర్చునే ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

తలుపు దగ్గరి కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సీట్లు నిండిపోనాయమ్మా. నిల్చోగలిగితేనే ఎక్కు."