ఏమీ కలపని మేత

"మళ్ళీ చచ్చాయి!"

గాజు గొట్టాన్ని బల్ల మీద పెట్టి తల పట్టుకుంది పరిశోధకురాలు. పళ్ళ మీద వాలే చిన్న ఈగలు, ఇరవైకి ఇరవై, మేత మీద వెల్లకిలా పడి ఉన్నాయి. వెతికినా ఒక్క గుడ్డు లేదు.

చావాల్సినవి చస్తే బాధ లేదు. వెలిగారం, అదే బోరాక్స్ పొడి, కలిపిన మేత తిన్నవి చావాలి, గుడ్లు పెట్టడం మానాలి. ఆమె పరిశోధనే అది. కానీ ఇవి ఏమీ కలపని మేత తిన్నవి. పక్కన పెట్టి పోల్చడానికి బతికుండాల్సినవి. ఇలా కావడం నాలుగోసారి. "శుక్రవారానికి బతికున్న ఈగల్ని చూపించు. లేదంటే ఈ పని ఇంకొకరికిస్తాను" అని ప్రొఫెసర్ పొద్దున్నే తెగేసి చెప్పాడు.

మేత వండే పెద్దాయన టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఈగలు చావట్లేదని విసుక్కునేవాళ్ళని చూశాను గానీ, చచ్చాయని ఏడ్చేది నువ్వొక్కదానివే తల్లీ."

"అసలే ఒళ్ళు మండుతోంది బాబాయ్. రెండు మేతలూ ఒకే గిన్నెలో వండావా?"

"రెండు గిన్నెలు."

"గరిటె?"

"రెండు గరిటెలు. ఒకదానికి ఎర్రదారం కూడా కట్టాను. ఇంకేం చెయ్యమంటావు?"

ఆమె కప్పు తీసుకుని ఒక గుక్క తాగింది. నెల రోజులుగా కడుపులో ఒకటే తిప్పుతోంది. అదీ ఈ ఈగల దిగులే అనుకుంటోంది. పెద్దాయన మీద అరుస్తున్నది నిజానికి తన మీద కోపంతోనేనని ఆమెకు తెలుసు. తెలిసినా గొంతు తగ్గలేదు.

"మరి గొట్టాలు? ఈగలకు సబ్బు వాసన పడదని ఎన్నిసార్లు చెప్పాను!"

"సబ్బు ముట్టుకుంటే ఒట్టు."

"కుళాయి నీళ్ళు?"

"అవీ వద్దన్నావుగా. నెల దాటింది, చుక్క తగలనివ్వలేదు."

"మరి దేంతో కడుగుతున్నావయ్యా?"

"కడగడమేంటి, తోమడమే!" పెద్దాయన ముఖం వెలిగింది. ఒక ఖాళీ గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తాడు. "నీ బీరువాలో వెలిగారం లేదూ? అది అద్ది, పొడిగుడ్డతో రుద్ది వదిలేస్తున్నాను. ఎలా మెరుస్తోందో చూడు!"

రెండో గుక్క ఆమె గొంతులోనే ఆగిపోయింది.

"గొట్టానిదేముంది," అన్నాడు పెద్దాయన మురిసిపోతూ, "నీ చేతిలో కప్పు చూడు."